‘శూన్యం నుంచి కరెంటు’ యంత్రం: కట్టిన డబ్బు వెనక్కి వస్తుందా?

ప్రశ్న: ఖాళీ ప్రదేశంలోని శక్తితో, ఇంధనం లేకుండా 3 కిలోవాట్ల కరెంటు ఇస్తుందని చెబితే ఇంటికోసం రూ.2,80,000 పెట్టి ఒక యంత్రం కొన్నాను. రెండో రోజే ఆగిపోయింది. ‘ఇది సైన్సు ఒప్పుకున్నదే, పేటెంటు కూడా ఉంది’ అంటున్నారు, డబ్బు మాత్రం ఇవ్వడం లేదు. కేసు నిలుస్తుందా?

జవాబు: నిలుస్తుంది. అయితే ఫిర్యాదులో ‘శూన్యశక్తి అనేదే లేదు’ అని రాయకండి. అది ఉంది. శూన్యంలోని శక్తి వల్ల దగ్గరదగ్గరగా ఉన్న రెండు లోహపు పలకల మధ్య పుడుతుందని 1948లో భౌతిక శాస్త్రవేత్త కాసిమిర్ లెక్కగట్టిన ఆకర్షణను 1997లో మరో శాస్త్రవేత్త లామొరో ప్రయోగంలో కొలిచారు. అవతలి వకీలు ఆ పత్రాలు చూపిస్తే మీ మాట అక్కడే వీగిపోతుంది. మీ వాదన వేరే చోట ఉండాలి. మైక్రాన్ (మిల్లీమీటరులో వెయ్యోవంతు) ఎడంలో ఉన్న రెండు లోహపు పలకల మీద ఆ ఆకర్షణ వల్ల పడే ఒత్తిడి చదరపు మీటరుకు సుమారు 0.0013 న్యూటన్లు మాత్రమే. పలకలు దగ్గరైనప్పుడు వచ్చిన శక్తి, వాటిని మళ్లీ విడదీయడానికే సరిపోతుంది. శూన్యానిది కనిష్ఠ శక్తి స్థితి, అంతకన్నా కిందికి దిగదు కాబట్టి ఇల్లు నడిపే కరెంటు అక్కడి నుంచి నిరంతరంగా రాదు.

వినియోగదారుల రక్షణ చట్టం, 2019 కింద మీరుండే జిల్లా కమిషన్‌లోనే ఫిర్యాదు వేయొచ్చు. చెల్లించింది రూ.5 లక్షల లోపు కాబట్టి ఫీజు లేదు. గడువు రెండేళ్లు.

అసలు బలం సెక్షన్ 38(2)(సి)లో ఉంది. యంత్రాన్ని సీలు చేసి ల్యాబుకు పంపమని దరఖాస్తు పెట్టండి. పరీక్ష ఖర్చు ముందుగా మీరే కట్టాలి. ఈలోగా పెట్టె విప్పొద్దు. విప్పితే ‘మీరే పాడుచేశారు’ అంటారు. పరీక్ష ఎలా జరగాలో కూడా దరఖాస్తులో రాయండి. పది నిమిషాలు బల్బు వెలిగిస్తే లోపల దాచిన బ్యాటరీ బయటపడదు. 60 కిలోల పెట్టె మొత్తం లిథియం బ్యాటరీయే అనుకున్నా సుమారు 12 యూనిట్లు నిల్వ ఉంటాయి, 1 కిలోవాట్ హీటరు పెడితే 12 గంటల్లో అయిపోతాయి. కాబట్టి బయటి వైర్లన్నీ తీసేసి, అదే హీటరుతో 48 గంటలు ఆపకుండా, మీటరు పెట్టి నడిపించమనండి.

పేటెంటు మాటకొస్తే, నంబరు అడగండి. దరఖాస్తు నంబరు చూపించి మంజూరైనట్టు చెప్పడం మామూలే. ప్రకృతి సూత్రాలకు స్పష్టంగా విరుద్ధమైనదాన్ని పేటెంట్ల చట్టం సెక్షన్ 3(ఎ) ఆవిష్కరణగానే ఒప్పుకోదు.

తెలిసే అబద్ధం చెప్పి డబ్బు తీసుకుంటే అది భారతీయ న్యాయ సంహిత 318(4) కింద మోసం, ఏడేళ్ల దాకా జైలు. కరపత్రం, బిల్లు, వాట్సాప్ సందేశాలు, బ్యాంకు స్టేట్‌మెంటు జతచేసి స్టేషన్‌లో విడిగా ఫిర్యాదు ఇవ్వండి. తీసుకోకపోతే ఎస్పీకి లేదా కమిషనర్‌కు రిజిస్టర్డ్ పోస్టులో పంపి రసీదు దాచుకోండి. తర్వాత మేజిస్ట్రేట్ కోర్టుకు వెళ్లాలంటే ఆ రసీదు కావాలి.