ప్రతీకా, ఉపమానమా, అన్యాపదేశమా?

సందేహం: ఆత్మ, బంధం, ముక్తి వంటి భావాలను అర పేజీ కథల్లో చెప్పే ఆధునిక రచనలను ఒకరు ‘ప్రతీకాత్మక కథ’ అంటున్నారు, ఇంకొకరు ‘అన్యాపదేశం’ అంటున్నారు. ‘ఉపమానం’, ‘సంకేత కథ’, ‘నీతికథ’ అనేవాళ్లూ ఉన్నారు. ఇవన్నీ ఒకటేనా? ‘ఈ కథలో దీపం ఆత్మకు ప్రతీకగా నిలిచింది’ అని రాయవచ్చా? ‘ఆధ్యాత్మ’ సరా, ‘అధ్యాత్మ’ సరా?

సమాధానం: ఒకటి కావు. కథలోని వస్తువు దేన్ని సూచిస్తోందో ఎవరు చెబుతున్నారు, అసలు చెబుతున్నారా లేదా అన్నదాన్ని బట్టి పేరు మారుతుంది.

భాగవతం నాలుగో స్కంధంలోని పురంజనోపాఖ్యానం చూడండి. పురంజనుడనే రాజు తొమ్మిది వాకిళ్ల పురంలో ఒక సుందరితో కాపురం చేస్తాడు. అయిదు తలల పాము ఆ పురానికి కావలి. చండవేగుడు మూడు వందల అరవై మంది గంధర్వులతో, అంతమంది గంధర్వ స్త్రీలతో వచ్చి పురాన్ని దోచుకుంటాడు. చివరికి కాలకన్య వచ్చి పడుతుంది. కథ చెప్పిన నారదుడే, విన్న ప్రాచీనబర్హి అనే రాజుకు దాని గుట్టూ విప్పుతాడు: పురంజనుడు జీవుడు, పురం దేహం, సుందరి బుద్ధి, పాము ప్రాణం, గంధర్వులు పగళ్లు, వాళ్ల స్త్రీలు రాత్రులు, కాలకన్య ముసలితనం. ఒక్కో వస్తువుకు ఒక్కో అర్థం, లెక్కతో సహా సరిపోతుంది. దీన్ని రూపక కథ అనాలి. ఇదే కథను గుట్టు విప్పకుండా వదిలి, వినేవాడు ఇట్టే పోల్చుకోగలిగేలా చెబితే అది అన్యాపదేశం. ‘అన్య అపదేశం’ అంటే మరొకదాని నెపం పెట్టుకుని చెప్పడం. అప్రస్తుతాన్ని, అంటే అసలు విషయం కానిదాన్ని వర్ణించి ప్రస్తుతాన్ని, అంటే అసలు విషయాన్ని తోపింపజేసే ఈ పద్ధతికి ఆలంకారికులు పెట్టిన పేరు అప్రస్తుతప్రశంస.

‘ఉపమానం’ విషయంలో గందరగోళానికి కారణం ఉంది. అలంకారశాస్త్రంలో ఉపమానం అంటే పోలికకు తెచ్చిన వస్తువు మాత్రమే. ముఖం ఉపమేయమైతే చంద్రుడు ఉపమానం. తెలుగు బైబిలు అనువాదంలో మాత్రం అది కథకే పేరయింది. మత్తయి సువార్త పదమూడో అధ్యాయంలో విత్తువాని కథ ‘ఉపమానరీతిగా’ చెప్పినదే. తెలుగు క్రైస్తవుల నోట ఈ అర్థం ఎంతో కాలంగా నిలిచి ఉంది, దాన్ని తప్పనడానికి వీల్లేదు. వ్యాసంలో రాసేటప్పుడు ‘ఉపమాన కథ’ అంటే రెండు అర్థాలూ కలిసిపోవు. నీతికథ వేరు. అది నడవడిని దిద్దుతుంది, తత్త్వం జోలికి పోనక్కర్లేదు. సంకేతమంటే నలుగురూ ముందే ఒప్పుకున్న గుర్తు. ఎర్రదీపం చూసి బండి ఆపడం లాంటిది. కొత్తగా అర్థాన్ని వెతుక్కునే కథకు ఆ పేరు పొసగదు.

ఇక ప్రతీక. సంస్కృత నిఘంటువు అమరకోశం ‘అంగం ప్రతీకో ఽవయవః’ అంటూ దీన్ని శరీర భాగానికి పర్యాయపదంగా చెప్పింది. వ్యాఖ్యాతలు శ్లోకాన్ని గుర్తుచేయడానికి ఎత్తి చూపే మొదటి ముక్కనూ ప్రతీక అనే అంటారు. వేదాంతంలో ప్రతీకోపాసన ఉంది, అంటే ఒకదాన్ని బ్రహ్మమని భావించి కొలవడం. ‘మనస్సును బ్రహ్మమని ఉపాసించు’ అన్న ఛాందోగ్య వాక్యం దానికి ఉదాహరణ. ‘న ప్రతీకే న హి సః’ (ప్రతీకను తానని భావించకూడదు, అది తాను కాదు) అన్న బ్రహ్మసూత్రం తరువాత వచ్చే సూత్రం ఇంకో మెలిక పెడుతుంది: చిన్నదానిలో గొప్పదాన్ని చూడాలి గాని గొప్పదాన్ని చిన్నదానిగా చూడకూడదు. మీ వాక్యానికి జవాబు ఇక్కడే ఉంది. ‘దీపం ఆత్మకు ప్రతీక’ సరైన వాక్యం. ‘త్యాగం కొవ్వొత్తికి ప్రతీక’ అని తలకిందులుగా రాస్తున్నారు, అది తప్పు. కంటికి కనిపించేదే ప్రతీక. కనిపించని దానికి ‘కు’ చేర్చాలి. ‘ప్రతీకగా నిలిచింది’ బాగానే ఉంది, ‘ప్రతీకగా చెప్పబడింది’ వద్దు.

ప్రతీకాత్మక కథలో వస్తువు తన బతుకు తాను బతుకుతూనే అవతలికి చూపిస్తుంది. 1915లో వెలువడిన, జర్మన్ భాషా రచయిత కాఫ్కా చిన్న కథలో ఒక పల్లెటూరి మనిషి తెరిచి ఉన్న ధర్మద్వారం ముందు, కావలివాడి అనుమతి కోసం ముసలివాడయ్యేదాకా కూర్చుంటాడు. ఈ వాకిలి నీ ఒక్కడి కోసమే, ఇక మూసేస్తున్నానని కావలివాడు చివర్లో అంటాడు. ఆ ద్వారం ఏమిటో చెప్పే నారదుడు అక్కడ లేడు. అదే కథ కాఫ్కా నవల ఒకదానిలోనూ వస్తుంది, అక్కడి పాత్రలు దానికి అర్థం చెప్పబోయి ఒక నిర్ణయానికి రాలేకపోతాయి. ఇలాంటిదాన్ని అన్యాపదేశం అంటే అన్యాయమే.

రాసేవాళ్లు తడబడేది వాక్యంలోనే. 1882 ఆగస్టు 5న బెంగాలీ పండితుడు ఈశ్వరచంద్ర విద్యాసాగరుణ్ణి కలిసినప్పుడు రామకృష్ణ పరమహంస చెప్పిన ఉప్పుబొమ్మ కథను తీసుకుందాం. ‘జీవుడనే ఉప్పుబొమ్మ బ్రహ్మమనే సముద్రంలో దిగింది’ అంటే రూపకం. ‘అనే’ రాగానే గుట్టు రట్టయింది. ‘ఉప్పుబొమ్మ కరిగినట్లు జీవుడు లీనమవుతాడు’ అంటే పోలిక. ‘ఉప్పుబొమ్మ సముద్రం లోతు కొలవడానికి దిగింది. కరిగిపోయింది. లోతెంతో వచ్చి చెప్పేదెవరు?’ అంటే ప్రతీక. మూడో దానిలో ‘లీనమైంది’ అని రాసి ఉంటే కథ చెడిపోయేది. ఉప్పు కరుగుతుంది గాని లీనం కాదు. ఆ మాట వేదాంత గ్రంథం నుంచి ఊడిపడినట్టు ఉంటుంది.

తెలుగు క్రియలు ఈ పనికి ఎంత అనువైనవో గమనించండి. ఉప్పు కరుగుతుంది, మనసూ కరుగుతుంది. కాయ పండుతుంది, బతుకూ పండుతుంది. తాడు తెగుతుంది, బంధమూ తెగుతుంది. చిక్కు విడుతుంది, ముడి విడుతుంది. వత్తి కాలి నూనె అయిపోయిన దీపాన్ని ‘ఆరిపోయింది’ అనకుండా ‘కొండెక్కింది’ అంటారు మన ఇళ్లలో. అందులో సగం కథ ఉంది. రెండు లోకాల్లోనూ నడిచే ఇలాంటి క్రియ దొరికితే మోక్షం, మాయ, ముముక్షువు వంటి మాటలతో పనే లేదు. మరో జాగ్రత్త: తెలుగు క్రియ లింగాన్ని దాచదు. ‘చిలక పంజరం దాటింది’ అని మొదలుపెట్టి ‘తన స్వరూపం తెలుసుకున్నాడు’ అని ముగిస్తే, ప్రత్యయమే గుట్టు బయటపెడుతుంది. పాత్రకు ‘ఆనందుడు’, ఊరికి ‘మాయాపురం’ అని పేర్లు పెట్టినా ఇదే దోషం.

చివరి ప్రశ్న. ఆత్మకు సంబంధించినది అనే అర్థంలో ‘అధి’తో ఏర్పడిన సమాసం ‘అధ్యాత్మం’, అకారం హ్రస్వం. దానికి ‘ఇక’ ప్రత్యయం చేరితే మొదటి అచ్చుకు వృద్ధి వచ్చి, అంటే ‘అ’ ‘ఆ’గా మారి, ‘ఆధ్యాత్మికం’ అవుతుంది. కనుక అధ్యాత్మ రామాయణం, అన్నమయ్య అధ్యాత్మ సంకీర్తనలు, ఆధ్యాత్మిక కథలు. ‘ఆధ్యాత్మ’, ‘అధ్యాత్మిక’ రెండూ తప్పే. ‘ద’కు ఒత్తు పోయిన ‘ఆద్యాత్మిక’ సరేసరి.