నాలుగు పాత ట్రాక్టర్లు, 26 లక్షల రిటైర్మెంట్ డబ్బు: ఎంత పెట్టొచ్చు?

ప్రశ్న: ఆర్టీసీలో 34 ఏళ్ళు మెకానిక్‌గా చేసి రిటైరయ్యాను. వయసు 62. మాది శ్రీకాకుళం జిల్లా, సోంపేట దగ్గర. పీఎఫ్, గ్రాట్యుటీ, లీవులు అన్నీ కలిపి 26 లక్షలు చేతికొచ్చాయి, పెన్షన్ నెలకి 4,300. సొంతిల్లు, అప్పుల్లేవు, తిండిగింజలు ఇంటివే. అమ్మాయి పెళ్ళి వచ్చే ఏడాది చెయ్యాలి. మా ఉద్దానం తోటల్లో తిత్లీ తుపాను తర్వాత మూలపడిన చిన్న ట్రాక్టర్లు ఇంకా కనిపిస్తుంటాయి. ఇంటి వెనక షెడ్డు వేసుకుని, ఓ నాలుగు కొని బాగు చేసి అమ్ముదామని ఉంది. ఒక్కోటి 70 వేలకి వస్తుంది, 60 వేలు ఖర్చు పెడితే 2 లక్షలకి పోతుంది. షెడ్డుకీ సామాన్లకీ కలిపి మొత్తం 8 లక్షలు అవుతుంది. మా బావమరిది వాటాకి వస్తానంటున్నాడు. ఇంట్లో మాత్రం వద్దంటున్నారు. మీరేమంటారు?

జవాబు: బాబాయ్ గారూ, మీ ఉత్తరాన్ని ఇక్కడ బాగా కుదించి వేశాను. అసలు ఉత్తరంలో డబ్బు లెక్క నాలుగు లైన్లే ఉంది, మీ పక్క తోటలో పడున్న ఆ మిత్సుబిషి శక్తి గురించి పేజీన్నర ఉంది. 18.5 హెచ్‌పీ, మూడు సిలిండర్లు, చెట్ల మధ్య సందులో ఎలా దూరేదో, దాని సౌండు ఎలా ఉండేదో కూడా రాశారు. అంత ఇష్టంగా రాసిన మనిషిని పట్టుకుని వద్దు అనడానికి నాకు నోరు రాదు, అనను కూడా. కాకపోతే మీకు కావలసింది చేతికి పని, మీరు నాకు చూపించింది వ్యాపారం లెక్క. ఈ రెండూ ఒకటే అనుకోవడం దగ్గరే డబ్బు పోతుంది.

మీ లెక్క చూద్దాం. 70, 60 కలిపి లక్షా 30 వేలు, అమ్మేది 2 లక్షలకి, మిగిలేది 70 వేలు, నాలుగుకి 2 లక్షల 80 వేలు. బ్యాంకులో ఎవడిస్తాడు ఇంత, అన్నారు. ఎవడూ ఇవ్వడు, నిజమే. కానీ ఆ 60 వేలల్లో టైర్లు ఉన్నాయా? బ్యాటరీ? బండిని తోటలోంచి మీ ఇంటికి తెచ్చే కిరాయి, లేత్ వాడి కూలీ, ఆర్టీఓ ఆఫీసు చుట్టూ తిరిగే ఖర్చు? ఇవన్నీ రాసుకున్నా ఇంకొకటి ఉంటుంది, అది మీకు నాకన్నా బాగా తెలుసు: పాత బండి అసలు ధర కొన్న రోజు తెలియదు, ఇంజన్ విప్పిన రోజు తెలుస్తుంది.

మా మేనమామది బొబ్బిలి వైపు. ఆయన ఒక హెచ్‌ఎంటీ 2511 కొన్నాడు, 55 వేలకి. 40 వేలల్లో లేపేస్తానన్నాడు. ఆయన లెక్కల పుస్తకం నేను చూశాను, పాత పాలవాడి పుస్తకం అది, ప్రతి పేజీ మీదా గ్రీజు బొటనవేలి ముద్ర. మొదటి రెండు పేజీలూ పిస్టన్, రింగులు, గాస్కెట్ సెట్టు, ఆయిల్ సీళ్ళు అని పొందిగ్గా రాసి ఉన్నాయి. మూడో పేజీలో ఒక్కటే మాట, "బ్లాకు", పక్కన అంకె లేదు. లేత్ షాపులో బోరు చెయ్యబోతుంటే నీళ్ళ దారి పక్కన వెంట్రుకంత పగులు బయటపడిందట. ఇక అక్కణ్ణుంచి సెకండ్‌హ్యాండ్ బ్లాకు కోసం సాలూరులో పాత లారీ సామాన్ల కొట్లన్నీ తిరిగాడు, ఎవరో చెప్తే విశాఖ వెళ్ళాడు, దొరికే సరికి ఉభాలు (వరి నాట్లు) అయిపోయాయి. రిపేరు 83 వేలకి తేలింది, మొత్తం లక్షా 38 వేలు. పద్నాలుగు నెలల తర్వాత లక్షా 45 వేలకి అమ్మి, 7 వేలు లాభం అని అందరికీ స్వీట్లు పంచాడు. మొదట్లో 50 వేలు రెండు రూపాయల వడ్డీకి తెచ్చాడన్న సంగతి మా అత్తకి గుర్తుంది, నెలకి వెయ్యి చొప్పున పద్నాలుగు వేలు. ఇప్పటికీ ఆయన ముందు ఆ మాట ఎత్తితే మనిషి లేచి వెళ్ళిపోతాడు.

మీరు వడ్డీకి తేవట్లేదు కదా అంటారు. మీ డబ్బుకీ వడ్డీ ఉంది బాబాయ్, కాకపోతే మీరు కట్టేది కాదు, మీకు రావలసింది. సీనియర్ సిటిజన్ పొదుపు పథకంలో నేను ఇది రాసే నాటికి 8.2 శాతం ఇస్తున్నారు, చేరిన రోజు ఉన్న రేటే ఐదేళ్ళూ ఉంటుంది, వడ్డీ మూడు నెలలకోసారి ఖాతాలో పడుతుంది. మీ 26 లక్షల్లో పెళ్ళికి 6 లక్షలు, ఆస్పత్రికి 3 లక్షలు పక్కన పెట్టక తప్పదు. ఇక ట్రాక్టర్లకి 8 తీస్తే పథకంలోకి వెళ్ళేది 9 లక్షలు, నెలకి 6,150 లెక్కన వస్తుంది. ట్రాక్టర్లకి 2 మాత్రమే తీస్తే 15 లక్షలు వెళ్తుంది, నెలకి 10,250. తేడా 4,100, అంటే దాదాపు మీ పెన్షన్ ఎంతో అంత! ఇంట్లో పిన్నిగారు వద్దంటున్నది ఈ అంకె వెయ్యకుండానే ఇదే విషయం.

ఆస్పత్రికి 3 లక్షలు ఎందుకని అడగకండి. ఇంతమందికి కిడ్నీ జబ్బులున్న ఉద్దానంలో ఉంటూ క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చెప్పే రక్తపరీక్ష) మాట మరిచిపోయి డబ్బు ప్లాన్ వేస్తే అది ప్లానే కాదు. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి వచ్చింది, మంచిదే, అయినా రానుపోను ఖర్చులు, పక్కన ఉండే మనిషి, బయట కొనే మందులు మన జేబులోంచే. మీ ఇద్దరూ ఏడాదికోసారి పరీక్ష చేయించుకోండి, ఆ 3 లక్షలూ ఎప్పుడు కావాలంటే అప్పుడు తీసుకునేలా బ్యాంకు డిపాజిట్‌లో ఉంచండి. పెళ్ళి డబ్బు కూడా ఏడాది డిపాజిట్టే, దాంతో ప్రయోగాలు వద్దు. ఆ పొదుపు పథకం పోస్టాఫీసు ఖాతాలో పిన్నిగారిని జాయింటుగా పెట్టండి, ఆవిడకి అరవై నిండకపోయినా పర్వాలేదు. ఏడాది వడ్డీ లక్ష దాటుతుంది కాబట్టి ఏప్రిల్‌లో టీడీఎస్ కొయ్యొద్దని డిక్లరేషన్ ఇచ్చేయండి, మీకు టాక్స్ పడదు.

ఇప్పుడు ఆ 2 లక్షలు. ఇది మీ సరదా డబ్బు, దీనికి లాభం అడగను, పోయినా మీ ఇంట్లో పొయ్యి ఆగదు. ఇందులో ఒక్క ట్రాక్టరే. 70 వేలు బండికి, 40 వేలు నాలుగు స్తంభాల రేకుల పందిరికీ చైన్ పుల్లీకీ (స్పానర్లు మీ దగ్గర 34 ఏళ్ళవి ఉంటాయి, కంప్రెసర్ కొనొద్దు, పెయింట్ వేసే రెండు రోజులకి అద్దెకి దొరుకుతుంది), 90 వేలు రిపేరుకి. ఇంజన్ పూర్తిగా విప్పి, బ్లాకూ క్రాంకూ లేత్ షాపులో చూపించేదాకా ఆ 90లో ఒక్క రూపాయి టైర్లకి గానీ పెయింట్‌కి గానీ వెళ్ళకూడదు. ముందు రంగు వేసుకుని మురిసిపోయే జబ్బు అందరికీ ఉంటుంది, నాకు నా పాత రాజ్‌దూత్ మీద ఉండేది, ట్యాంకు తళతళలాడేది, బండి మాత్రం స్టార్టయ్యేది కాదు.

పక్క తోట బండి గురించి ఒక్క ప్రశ్న. దాని సైలెన్సర్ మీద కొబ్బరి చిప్ప బోర్లించి ఉందా? నవ్వకండి. 2018 అక్టోబరులో తిత్లీకి షెడ్డు కూలిన దగ్గర్నుంచి అది ఎండకీ వానకీ అలాగే ఉందని మీరే రాశారు. చిప్పో డబ్బానో బోర్లించిన బండికీ, నోరు తెరుచుకుని ఆకాశం కేసి చూస్తూ ఉన్న బండికీ ఒకే ధర ఎలా అవుతుంది? రెండోదానిలో ఏడు వానాకాలాల నీళ్ళు సైలెన్సర్ గుండా దిగి రింగులు లైనర్‌కి అతుక్కుపోయి ఉంటాయి, పైగా మీది ఉప్పుగాలి. డిప్ స్టిక్ తీస్తే ఆయిల్ పాలు ఎక్కువైన టీలా కనిపిస్తే ఇక బేరం అక్కడికే. ఇవన్నీ మీకు నేను చెప్పడం తాతకి దగ్గులు నేర్పడమే, కానీ మనసుపడిన బండి ముందు నిలబడినప్పుడు ఎంత పెద్ద మెకానిక్ అయినా డిప్ స్టిక్ తియ్యడం మరిచిపోతాడు.

ఇంజన్ కన్నా నాకు భయం కాగితాల మీద. మీరు ఉత్తరంలో ఆర్సీ అన్న మాటే ఎత్తలేదు. ఆ బండి ఎవరి పేరు మీద ఉంది? చనిపోయిన పెద్దాయన పేరు మీద ఉంటే ముందు అది వారసుల పేరుకి మారాలి, అన్నదమ్ములు ముగ్గురుంటే ముగ్గురూ ఒప్పుకోవాలి, ఒకడు హైదరాబాదులో ఉంటాడు, ఫోన్ ఎత్తడు. లోన్ మీద కొన్నదైతే బాకీ తీరినా ఆర్సీ మీద ఫైనాన్స్ వాళ్ళ పేరు అలాగే ఉండొచ్చు, దాన్ని కొట్టించడానికి ఫారం 35, వాళ్ళ ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదన్న కాగితం) కావాలి. ఆ తర్వాతే మీ పేరుకి మారడానికి 29, 30 ఫారాలు. ఆర్సీ గడువు కూడా 15 ఏళ్ళకి అయిపోతుంది, రెన్యువల్ చూసుకోవాలి. ఇచ్ఛాపురం దాటితే ఒడిశా కాబట్టి ఓఆర్, ఓడీ నంబరు బండ్లు మీకు చౌకగా కనిపిస్తాయి, వాటికి అక్కడి ఆర్టీఓ ఎన్‌ఓసీ తెచ్చి ఇక్కడ మళ్ళీ రిజిస్ట్రేషన్ చేయించాలి, ఆ చౌక అంతా అందులోనే హరించుకుపోతుంది. కాగితాలు లేని బండిని ఇనుము ధరకి ఇస్తేనే, అది కూడా విడిభాగాల కోసమే కొనండి. ఎందుకంటే రేపు మీ దగ్గర 2 లక్షలు పెట్టి కొనేవాడు మొదట అడిగేది ఆర్సీనే, మీ రీబోరు గురించి కాదు.

2 లక్షలకి అమ్ముడవుతుందన్నది కూడా ఒకసారి చూడండి. 2025 సెప్టెంబరు 22 నుంచి కొత్త ట్రాక్టర్ల మీద జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి దిగింది. పన్ను కాకుండా 4 లక్షలుండే చిన్న ట్రాక్టర్ అప్పుడు 4 లక్షల 48 వేలు, ఇప్పుడు 4 లక్షల 20 వేలు. కొత్తది 28 వేలు దిగితే పాతది కొనేవాడు ఆ మాట మీ మొహం మీదే అంటాడు. మీకు కలిసొచ్చేది ట్రాక్టర్ టైర్లు, చాలా విడిభాగాల మీద పన్ను కూడా 18 నుంచి 5కి తగ్గడం. ఇంకొకటి, ఏ కంపెనీ బండి అన్నది చూసుకోండి. హెచ్‌ఎంటీ పింజోర్ ట్రాక్టర్ల యూనిట్ మూసెయ్యడానికి 2016లోనే కేంద్రం ఒప్పుకుంది, అలాంటి బండ్ల మీద ప్రేమ ఉంటే ఉంచుకోవడానికి కొనండి, అమ్మడానికి కాదు. అమ్మేదైతే మృగశిరకి ముందే రోడ్డెక్కాలి, ఉభాలు అయిపోయాక వచ్చేవాడు అవసరానికి రాడు, చౌకకి వస్తాడు.

మిగతా మూడు ట్రాక్టర్ల సంగతేమిటంటారా? వాటిని కొనకుండానే బాగు చెయ్యండి. ఆ తోటల వాళ్ళకి బండి ఉంది, బాగు చేసే మనిషి లేడు. సామాన్లు వాళ్ళు తెచ్చుకుంటారు, మీరు కూలీ మాట్లాడుకుంటారు, ఇంజన్ పనికి ఇంత, హైడ్రాలిక్‌కి ఇంత అని. సగం ముందు, సగం బండి స్టార్టయ్యాక. బ్లాకు పగిలితే ఆ పగులు వాళ్ళది. మీ డబ్బు ఒక్క రూపాయి ఇరుక్కోదు, షెడ్డు ఖాళీగా ఉండదు, పైగా ఎవరి బండి ఎలాంటిదో లోపలంతా చూశాక వాళ్ళే అమ్ముతానంటే అప్పుడు మీకు తెలిసిన ధర చెప్పొచ్చు. మీ ఎనిమిది లక్షల లెక్కలో మీ చేతికి మీరు సున్నా వేసుకున్నారు బాబాయ్, నాకు ఆ ఉత్తరంలో నచ్చనిది అదొక్కటే. డిపోలో అయితే అలా సున్నా జీతానికి ఒక్క రోజు చేసేవారా?

బావమరిది గారి వాటా వద్దు. కారణాలు మీకే తెలుసు.

పక్క తోట వాళ్ళకి అడ్వాన్సు ఇంకా ఇవ్వలేదన్నారు కాబట్టి ఈ ఆదివారం ఉత్త చేతులతో వెళ్ళండి, జేబులో డబ్బు పెట్టుకోకండి. ఆర్సీ జిరాక్సు ఒకటి తీసుకోండి, డిప్ స్టిక్ లాగి చూడండి, సైలెన్సర్ మీద చిప్ప ఉందో లేదో నాకు రాయండి. ధర ఎంత చెప్పాలో అప్పుడు మాట్లాడుకుందాం.