వినాయక చవితి పోస్టర్లకి డబ్బులు సంక్రాంతికి కూడా రాలేదంటే

గుంటూరు బ్రాడీపేట నుంచి ఒక అమ్మాయి రాసింది: "ఫ్రీలాన్స్ డిజైనర్ని అండీ. బెజవాడలో ఒక బట్టల షాపుకి పోస్టర్లు, రీల్స్ చేస్తా. శ్రావణమాసం, వినాయక చవితి పనికి 85 వేలు రావాలి, సెప్టెంబర్లో బిల్లు పెట్టా, సంక్రాంతి వచ్చేస్తోంది. అడిగితే ఎక్కడికి పోతాంలేమ్మా అంటారు ఓనరు గారు. అద్దె, ఈఎంఐ ఆగక 2 లక్షల చీటీ 38 వేలు వదులుకుని పాడేసుకున్నా. ఏం చేయమంటారు?"

అమ్మా, నాకైతే ఆ 85 వేలకన్నా 38 వేలే ఎక్కువ కడుపుమండింది. మీరు బిల్లు రాలేదనుకుంటున్నారు గానీ జరిగిందేంటంటే ఆయనకి మీరు వడ్డీ లేని అప్పిచ్చారు. అదే డబ్బు ఆయన బయట రెండు రూపాయల వడ్డీకి తెచ్చుకుంటే నెలకి 1,700, 4 నెలలకి 6,800 అయ్యేది, అది ఆయనకి మిగిలింది, మీకేమో చీటీలో కోత పడింది.

సరే, ఇప్పుడు వసూలు సంగతి. ఓనర్ని అడగడం కాసేపు ఆపి అకౌంట్స్ చూసే ఆయన్ని పట్టుకోండి. నాకే ఒకసారి గవర్నర్‌పేటలో ఒక క్లయింట్ దగ్గర 3 నెలలు తిరిగితే చివరికి తేలింది ఏంటయ్యా అంటే నా బిల్లు టేబుల్ మీద ఇనప ఊచకి గుచ్చిన కాగితాల్లో అట్టడుగున ఉంది, పుస్తకంలో ఎంట్రీనే పడలేదు, ఓనరుకి ఆ బాకీ ఉందన్న సంగతే గుర్తులేదు. అందుకే "బిల్లు ఎక్కించారా అండీ" అన్నది మొదటి ప్రశ్న. శుక్రవారం, మంగళవారం, సాయంత్రం దీపాలు పెట్టే వేళ అడక్కండి, మన షాపులవాళ్ళు చాలామంది అప్పుడు డబ్బు బయటికి తీయరు, పైగా చిరాకు పడతారు. బుధవారం పొద్దున్నే వాట్సాప్‌లో పెట్టండి: "నమస్తే అండీ, సెప్టెంబర్ బిల్లు 85,000 బాకీ ఉంది, సగం ఈ వారం, మిగతాది నెలాఖరుకి వేయగలరా?" ఆయన "సరేమ్మా" అన్నారనుకోండి, బాకీ ఒప్పుకున్నట్టు రాతపూర్వకంగా మీ దగ్గర ఉంటుంది. ఫోన్లో మాట్లాడితే ఏమీ మిగలదు. బాకీ మీద కోర్టుకెళ్ళడానికి మామూలుగా 3 ఏళ్ళే గడువు, అది కూడా గుర్తుంచుకోండి. టీడీఎస్ (మీ పేరున ప్రభుత్వానికి ముందే కట్టే ట్యాక్స్) కట్ చేశామని తక్కువ వేస్తే అది మీ పాన్ మీద పడిందో లేదో ఇన్‌కమ్ ట్యాక్స్ పోర్టల్లో చూసుకోండి, కట్ చేసి కట్టనివాళ్ళూ ఉంటారు.

మీకు ఉద్యమ్ రిజిస్ట్రేషన్, అంటే చిన్న వ్యాపారంగా ప్రభుత్వం దగ్గర నమోదు, ఉందా? రాయలేదు కాబట్టి లేదనే అనుకుంటా. ఆధార్‌తో ఆన్‌లైన్లో ఫ్రీగా అయిపోతుంది, వెయ్యి రూపాయలిస్తే చేసిపెడతామనే సైట్ల జోలికి పోకండి. 2006 ఎంఎస్ఎంఈ (చిన్న, మధ్యతరహా సంస్థల) చట్టం ప్రకారం చిన్న సంస్థ దగ్గర పని చేయించుకున్నవాళ్ళు రాతకోతలు లేకపోతే 15 రోజుల్లో, ఉంటే ఎంత రాసుకున్నా 45 రోజుల్లోపు కట్టాలి. దాటితే ఆర్‌బీఐ బ్యాంక్ రేటుకి 3 రెట్లు, అదీ నెలనెలా చక్రవడ్డీ. బ్యాంక్ రేటు 5.5 శాతం ఉందనుకుంటే 16.5 అన్నమాట. ప్రభుత్వ ఎంఎస్ఎంఈ పోర్టల్లో కంప్లైంట్ పెట్టొచ్చు. కానీ పాత బిల్లుకి కొత్త రిజిస్ట్రేషన్ చూపిస్తే పేచీ పెడతారు, అందుకే ఇది వచ్చే పనికోసం. 85 వేలకి ఇప్పుడే కంప్లైంట్ దాకా నేనైతే వెళ్ళను, రెండు నెలలు చూసి లాయర్ నోటీసు.

అసలు షాపువాళ్ళని కదిలించేది వేరే ఉంది. 2023-24 లెక్కల నుంచి ఇలా గడువు దాటిన బిల్లు మార్చి 31కి కూడా కట్టకపోతే ఆ ఖర్చుని ఆ ఏడాది ఆదాయంలోంచి తీసేసుకోవడానికి లేదు, కట్టిన ఏడాదిలోనే చూపించుకోవాలి, అంటే ఈ ఏడాది వాళ్ళకే ట్యాక్స్ పెరుగుతుంది. బిల్లు మీద ఉద్యమ్ నంబర్ కనిపిస్తే ఇది ఓనరుకి వాళ్ళ ఆడిటరే చెప్తాడు, మీరు నోరు విప్పక్కర్లేదు.

ఇక ఉగాదికి మళ్ళీ పిలుస్తారు, చూడండి. "పాతది సగమన్నా పడ్డాక మొదలుపెడతా అండీ, కొత్తదానికి సగం అడ్వాన్స్" అనండి నవ్వుతూనే. మొహమాటపడితే మళ్ళీ చీటీయే. శాంపిల్ మీద అడ్డంగా వాటర్‌మార్క్ వేసి పంపండి, ఒరిజినల్ ఫైల్ మాత్రం మొత్తం పడ్డాకే. వేరే షాపుకి పోతారేమోనని భయమా, డబ్బులివ్వనివాళ్ళు పోతే మీకు పోయేదేముంది.

చేతికొచ్చిన 1,62,000లో అద్దె, ఈఎంఐ బాకీలు తీర్చేసి మిగిలింది వేరే అకౌంట్లో పెట్టేయండి, యూపీఐకి లింక్ చేయకండి దాన్ని. పాడుకున్న చీటీకి నెలనెలా వాయిదా కట్టాలి కదా, మొదట అది అందులోంచే.