ముంబయిలో బస్తీ కూల్చి ఉచితంగా ఫ్లాట్ ఇస్తామన్నా జనం ఎందుకు వ్యతిరేకిస్తారు?

ఎందుకంటే ఆ ఫ్లాట్ అందరికీ రాదు. అసలు రాజకీయమంతా అర్హుల జాబితాలోనే ఉంది. 1995లో మొదలైన మురికివాడల పునరావాస పథకంలో కటాఫ్ తేదీ, అంటే ఆ నాటికి బస్తీలో ఉంటేనే అర్హులనే తేదీ, మొదట 1995 జనవరి 1. తర్వాత అది 2000 జనవరి 1కి జరిగింది. 2011 జనవరి 1 వరకు ఉన్నవాళ్లకు డబ్బు కట్టించుకుని ఇల్లిచ్చే వీలు ఆ తర్వాత వచ్చింది. తేదీ మారినప్పుడల్లా ఓట్ల లెక్కా మారుతుంది. బస్తీ ఇళ్లలో పై అంతస్తులో కాపురమున్నవాళ్లను ఏళ్ల తరబడి లెక్కలోకే తీసుకోలేదు. ఇది నా దృష్టిలో పథకంలోని అతిపెద్ద అన్యాయం.

రెండో చిక్కు డబ్బు ఎక్కడి నుంచి వస్తుందన్నది. ప్రభుత్వం ఖర్చు పెట్టదు. బిల్డర్ బస్తీవాసులను కొంత స్థలంలో ఎత్తైన టవర్లలోకి సర్ది, మిగిలిన స్థలంలో ఫ్లాట్లు కట్టి అమ్ముకుంటాడు. అందుకే భూమి ఖరీదైన చోటికే బిల్డర్లు ఎగబడతారు. టవర్లు ఇరుకిరుకుగా లేచి, కింది అంతస్తులకు గాలీ వెలుతురూ అందవు. మార్కెట్ పడిపోతే పని ఆగుతుంది, ఫ్లాట్ వచ్చేదాకా బయట ఉండేందుకు బిల్డర్ ఇచ్చే తాత్కాలిక అద్దె చెల్లింపులూ ఆగుతాయి. అప్పటికే గుడిసె కూలిపోయి ఉంటుంది.

ఫ్లాట్ చేతికొచ్చాక లిఫ్టు, నీటి మోటారు, మెయింటెనెన్స్ ఖర్చులు నెలనెలా మొదలవుతాయి. గుమ్మం ముందే కుండలు చేసుకునేవాళ్లకు, పాత సామాను వేరుచేసేవాళ్లకు ఎనిమిదో అంతస్తులో బతుకుతెరువు లేదు.

అంగీకార పత్రంపై సంతకం చేసేముందు జాబితాలో పేరు, సర్వే నంబరు సరిచూసుకోండి. అద్దె మొత్తం, అప్పగింత గడువు రిజిస్టరైన ఒప్పందంలో రాయించుకోండి.