ఒక్క రాత్రి ఆరుబయట పడుకుంటే ఏమొస్తుంది?

ప్రశ్న: జూన్ 20 ప్రపంచ శరణార్థుల దినం కదా. ఆ ముందురోజు రాత్రి మా కాలేజీ గ్రౌండ్‌లో అట్టలు పరుచుకుని పడుకుని, యుద్ధాల వల్ల ఇల్లూవాకిలీ వదిలేసినవాళ్ల గురించి నలుగురికీ తెలిసేలా చేద్దామనుకున్నాం. 'ఫొటోల కోసం పిక్నిక్' అని అప్పుడే వెటకారాలు మొదలయ్యాయి. మానేయమంటారా? పాత బట్టలు కూడా పోగుచేసి పంపుదామా?
- ఒక విద్యార్థిని

జవాబు: మానకండి. కాకపోతే వెటకారంలో కొంత నిజముంది, అదేదో మీరే ముందు ఒప్పేసుకుంటే సగం టెన్షన్ పోతుంది. తెల్లారితే ఇంటికెళ్లి స్నానం చేస్తామని తెలిసి పడుకున్న రాత్రీ, వెనక్కి ఎప్పుడు వెళ్తామో తెలియని రాత్రీ ఒకటి కావు. 'వాళ్ల బాధ మేమూ అనుభవించాం' అని మాత్రం పోస్టర్ రాయకండి, చూసేవాళ్లకి ఒళ్లు మండుతుంది.

అలాగని ఇది ఉత్త తమాషా కూడా కాదు. ఉత్తర ఉగాండాలో లార్డ్స్ రెసిస్టెన్స్ ఆర్మీ అనే తిరుగుబాటు ముఠా పల్లెల్లో పిల్లల్ని ఎత్తుకుపోయి చేతికి తుపాకులిచ్చేది. ఆ భయంతో వేలమంది పిల్లలు రోజూ పొద్దుగూకే వేళకి నడుచుకుంటూ గులు పట్నం చేరి, బస్టాండులో, ఆస్పత్రి ఆవరణలో, షాపుల వరండాల్లో పడుకుని, తెల్లారాక మళ్లీ నడుచుకుంటూ వెళ్లిపోయేవాళ్లు. 2003లో అక్కడి ఆర్చ్‌బిషప్ జాన్ బాప్టిస్ట్ ఒడామా, మరికొందరు మతపెద్దలు కొన్ని రాత్రులు ఆ పిల్లలతోపాటే వీధిలో పడుకున్నారు. 2007 ఏప్రిల్‌లో 'డిస్‌ప్లేస్ మి' పేరుతో అమెరికా నగరాల్లో వేలమంది కుర్రాళ్లు ఆ ఉగాండా నిర్వాసితుల కోసమే ఒక రాత్రి ఆరుబయట గడిపారు.

మీరైతే పడుకోవడంతో ఆపకండి, చూడ్డానికి వచ్చినవాళ్లకి చేతికి పని పెట్టండి. సహాయ సంస్థలు పాటించే స్ఫియర్ ప్రమాణాల ప్రకారం శిబిరంలో మనిషికి కనీసం మూడున్నర చదరపు మీటర్ల నీడ ఉండాలి, వంటకీ స్నానానికీ చోటు అందులో లెక్క కాదు. ఐదుగురికి పదిహేడున్నర. సుద్దముక్కతో నేలమీద గీసి, సామానుతో సహా సర్దుకోమనండి, మోకాళ్లు ముడుచుకునేది ఎవరో, తలగడ దక్కేది ఎవరికో వాళ్లకే తెలుస్తుంది. పక్కనే పదిహేను లీటర్ల నీళ్లు పెట్టండి. తాగడానికీ వంటకీ ఒంటికీ బట్టలకీ మనిషికి రోజంతా అంతే, అదీ అందిన చోట.

ఇంకో మాట. శరణార్థుల దినం అనగానే సరిహద్దు దాటినవాళ్లే గుర్తొస్తారు. ఐక్యరాజ్యసమితి శరణార్థుల సంస్థ లెక్కలో 2024 చివరికి బలవంతంగా ఇల్లు వదిలినవాళ్లు 12.32 కోట్లు, అందులో 7.35 కోట్ల మంది సొంత దేశంలోనే ఉన్నారు. వీళ్లకి 1951 శరణార్థుల ఒప్పందం వర్తించదు, వీళ్ల కోసం ఐక్యరాజ్యసమితి 1998లో తెచ్చిన మార్గదర్శక సూత్రాలున్నాయి గానీ వాటిని పాటించి తీరాలని ఏ ప్రభుత్వాన్నీ కట్టడి చేయలేరు. తరిమింది సొంత ప్రభుత్వమే అయితే ఎవరికి మొరపెట్టుకుంటారు? వాళ్ల గురించి కూడా చెప్పండి.

పాత బట్టలు వద్దమ్మా. వాటిని ఏరడానికీ మోయడానికీ అయ్యే ఖర్చు, శ్రమ వాటి విలువని మించిపోతాయి. నమ్మకమైన సంస్థకి డబ్బు పంపండి, అక్కడ ఏది కావాలో వాళ్లే కొంటారు. గ్రౌండ్‌కి లిఖితపూర్వక అనుమతి తీసుకోండి, ఆడపిల్లలకి దగ్గర్లో తాళం తీసి ఉన్న టాయిలెట్, రాత్రంతా లైటు ఉండేలా చూసుకోండి. వానొస్తే మొండికేయకుండా లోపలికి వెళ్లిపోండి.