లోడు పెరగగానే ఫ్యుయల్ సెల్ ట్రిప్ అవుతోంది, స్టాక్ మార్చాలా?

అంబత్తూరులో బ్యాకప్ కోసం పెట్టిన 5 కిలోవాట్ల పీఈఎం ఫ్యుయల్ సెల్ (హైడ్రోజన్‌నూ గాలిలోని ఆక్సిజన్‌నూ కలిపి కరెంటు పుట్టించే యంత్రం), లోడు ఒక్కసారిగా పెరిగినప్పుడల్లా, అందులోనూ మధ్యాహ్నపు ఎండలో, ట్రిప్ అవుతోందనీ, స్టాక్ (దానిలోని సెల్‌ల దొంతర) మార్చమని సలహా వచ్చిందనీ మీరు రాశారు. చెన్నైలోనే కొన్నేళ్లుగా ఇటువంటి యూనిట్లు నడుపుతున్నవాడిగా, స్టాక్ జోలికి పోకముందు దానికి గాలినీ తేమనూ చల్లదనాన్నీ అందించే పరికరాలనూ వాటిని నడిపే కంట్రోలర్‌నూ పరీక్షించమంటాను.

లోడు కరెంటు లాగడం మిల్లీసెకన్లలో జరిగిపోతుంది గానీ, గాలిని పంపే కంప్రెసర్ వేగం అందుకోవడానికి సెకను దాకా పట్టవచ్చు. ఆ వ్యవధిలో ఆక్సిజన్ చాలక సెల్ వోల్టేజీ పడిపోతుంది, కంట్రోలర్ లోడును తెంచేస్తుంది. అందుకే లోడు పెరిగేటప్పుడు ముందు గాలి పెరిగి తరువాతే కరెంటు పెరగాలి, తగ్గేటప్పుడు ముందు కరెంటు తగ్గాలి. స్టాక్ నుంచి లాగే కరెంటును అదుపు చేసే డీసీ-డీసీ కన్వర్టర్ కరెంటు పరిమితి కంప్రెసర్‌కు ఇచ్చిన ఆదేశాన్ని బట్టి కాక, ఫ్లో మీటరు కొలిచిన గాలిని బట్టి మారుతోందో లేదో సరఫరాదారును అడగండి. ఆ కాస్త లోటును బ్యాటరీ భరించాలి. బ్యాటరీ పాతబడితే నింద స్టాక్ మీద పడటం నేను తరచూ చూస్తున్నదే.

మధ్యాహ్నం ట్రిప్‌కు కారణం వేరు కావచ్చు. ఈ స్టాక్ ఇచ్చే విద్యుత్తుకు దాదాపు సమానంగా వేడి పుడుతుంది, డీజిల్ ఇంజన్‌లో లాగా పొగగొట్టం గుండా పెద్దగా పోదు, అధిక భాగం రేడియేటరే మోయాలి. కూలెంట్ 65 డిగ్రీల వద్ద, బయటి గాలి 40 వద్ద ఉంటే మిగిలే తేడా 25 డిగ్రీలే కాబట్టి, చల్లని దేశాల లెక్కతో ఎంచిన రేడియేటర్ ఇక్కడ చాలదు. వేడి మితిమీరితే మెంబ్రేన్ (సెల్ మధ్యన తేమగా ఉండాల్సిన పలుచని పొర) ఎండి వోల్టేజీ ఇంకా తగ్గుతుంది. అన్నట్టు, అందులో కారు కూలెంట్ పోయనివ్వకండి. విద్యుత్ వాహకత బాగా తక్కువగా ఉండే ద్రవమే వాడాలి.

నీటిదీ అంతే చిక్కు. పూర్తి లోడుపై గంటకు సుమారు 300 గ్రాముల హైడ్రోజన్ ఖర్చయి 2.7 కిలోల నీరు తయారవుతుంది. దానిలో కొంతా, గాలి నుంచి మెంబ్రేన్ దాటివచ్చే నైట్రోజనూ ఆనోడ్ వైపు, అంటే హైడ్రోజన్ ఉండే వైపు, పేరుకుంటాయి. ఒకసారి స్క్రీన్ మీద చివరి సెల్ వోల్టేజీ 0.65 నుంచి 0.4కు జారుతుండగా పర్జ్ వాల్వ్ (పేరుకున్నవాటిని కొంత హైడ్రోజన్‌తో సహా బయటికి ఊదేసే కవాటం) టక్కున తెరుచుకుంది. పైపు చివర నాలుగు చుక్కలు చిమ్మాయి, వోల్టేజీ వెంటనే తిరిగి లేచింది. పర్జ్‌ను గడియారానికి కాక, వాడిన ఆంపియర్-అవర్లకు, అంటే లాగిన మొత్తం కరెంటుకు, ముడిపెట్టడం మేలు. గాలిలో 4 శాతం చేరితే హైడ్రోజన్ అంటుకోగలదు కనుక ఆ పైపును ఆరుబయట ఎత్తున వదలాలి.

ట్రిప్‌కు ముందు పది సెకన్ల రికార్డులో గాలి ప్రవాహం, కనిష్ఠ సెల్ వోల్టేజీ, కూలెంట్ ఉష్ణోగ్రత ఎలా మారాయో ఇక్కడ పెట్టండి; మూడింటిలో ఏది ముందు జారిందో చూసి తరువాతి అడుగు చెబుతాను.