పెర్డిడో స్ట్రీట్ స్టేషన్ నవల కొందరికి పిచ్చిగా నచ్చితే, కొందరు మధ్యలోనే ఎందుకు వదిలేస్తారు?

ఇందులో కథ కంటే ముందు ఊరు మన మీద పడుతుంది కాబట్టి, ఊళ్లో తిరగడం నచ్చినవాళ్లు చివరిదాకా ఉంటారు, కథ కోసం వచ్చినవాళ్లకి ఓపిక అయిపోతుంది.

చైనా మియేవిల్ అనే బ్రిటిష్ రచయిత ఇంగ్లీషులో రాసిన ఈ నవల 2000లో వచ్చింది. కథ జరిగేది న్యూ క్రోబుజాన్ అనే కల్పిత నగరంలో. మురికి నదులు, ఫ్యాక్టరీ పొగ, రైలు పట్టాలు, మనుషుల మధ్యే బతికే వింత జాతులు పేజీల కొద్దీ వస్తాయి. మనసులను పీల్చేసే రాకాసి చిమ్మటలు నగరం మీద పడటమే అసలు ప్రమాదం. అది మొదలయ్యేసరికి పుస్తకం చాలా దూరం నడిచిపోతుంది.

రచయిత దేన్నీ ఆగి వివరించడు. మొదట్లోనే శాస్త్రవేత్త ఐజాక్, అతని ప్రియురాలు లిన్ టిఫిన్ చేస్తుంటారు. లిన్‌ది ఆడమనిషి ఒళ్లు, తల స్థానంలో మాత్రం పెద్ద పేడపురుగు. ఆమె మాట్లాడేది చేతి సైగలతో. ఈ జాతి ఎక్కడిది, ఊళ్లోకి ఎలా వచ్చింది అన్నవి తర్వాత్తర్వాత ముక్కలుముక్కలుగా తెలుస్తాయి. ఒకే సీన్ ఒకరికి థ్రిల్, ఇంకొకరికి తలనొప్పి.

అర్థం కాకపోతే మన ఇంగ్లీషే చాలదని చాలామంది అనుకుంటారు. అది అపోహ. పదాలు కష్టమే, కానీ ఇంగ్లీషులో పుట్టి పెరిగినవాళ్లూ ఇక్కడే తడబడతారు. ప్రతి పేరూ గుర్తుపెట్టుకోవాలన్న టెన్షన్ అక్కర్లేదు. అవసరమైనవి మళ్లీ మళ్లీ వస్తాయి, మిగతావి వాతావరణం కోసమే.